కలలో దొరికిన పాట

లండన్ నగరంలో వింపోల్ వీధి అని ఒక వీధి ఉన్నది. అక్కడ ఒక పెద్ద ఇంటి పై అంతస్తు గదిలో ఒక రోజు ఉదయం ఒక యువకుడు నిద్ర లేచాడు. లేస్తూనే అతని తలలో ఒక పాట వరస తిరగసాగింది. చాలా చక్కని వరస. అది తన కలలో వినిపించిందని అతనికి తోచింది. మంచం పక్కనే పియానో ఉన్నది. కలలో విన్నది ఎంతసేపు గుర్తుంటుంది? అతను ఆలస్యం చెయ్యకుండా పియానో ముందు కూర్చుని, మెట్లు నొక్కుతూ ఆ వరసను వెతికి పట్టుకున్నాడు. వరస అంతా దొరికింది. మాటలు మాత్రం లేవు.

ఆ యువకుడి పేరు పాల్ మెకార్ట్నీ. ఇంగ్లండులోని లివర్‌పూల్ అనే రేవు పట్టణంలో 1942లో పుట్టాడు. జాన్ లెనన్, జార్జి హారిసన్, రింగో స్టార్ అనే ముగ్గురు మిత్రులతో కలిసి పాటలు పాడేవాడు. ఆ నలుగురి జట్టుకు బీటిల్స్ అని పేరు. 1960 తర్వాత కొద్ది సంవత్సరాలలోనే ఆ జట్టు పేరు ప్రపంచమంతా మారుమోగింది. మీ తాతగారిని అడిగి చూడండి, ఆయనా విని ఉంటారు.

పిల్లలూ, కలలో దొరికిన ఆ వరస తర్వాత ఒక పాట అయింది. ఆ పాట పేరు "యెస్టర్‌డే". అంటే "నిన్న" అని అర్థం. 1965లో ఆ పాట అమెరికాలో అన్ని పాటలనూ దాటుకుని మొదటి స్థానంలో నిలిచింది. అదే సంవత్సరం, అది పుట్టిన ఇంగ్లండులో, విడి పాటల పట్టికలో బీటిల్స్ పాడిన ఆ పాట పేరే లేదు! ఒకే పాట, ఒకే గొంతు. ఒక దేశంలో ఒకటో నంబరు, మరొక దేశంలో అసలు నంబరే లేదు. ఇది ఎలా జరిగింది? ఈ సంగతి తెలుసుకుంటే పాటల గురించే కాక, మీ ప్రోగ్రెస్ కార్డులో వేసే ర్యాంకు గురించి కూడా కొంత తెలుస్తుంది. అందుకే ఈ కథ మీకూ, మీ అమ్మానాన్నలకూ కలిపి చెబుతున్నాను.

ఎవరి సొమ్ము?

వరస దొరకగానే మెకార్ట్నీకి సంతోషం కన్న ముందు అనుమానం వచ్చింది. "ఇంత సులువుగా వచ్చిందంటే ఇది నాది కాదేమో! ఎప్పుడో ఎవరిదో పాట విని, మరిచిపోయి, ఇప్పుడు నాదే అనుకుంటున్నానేమో!" అని భయపడ్డాడు. ఆ భయానికి కారణం లేకపోలేదు. అతని తండ్రి జిమ్ కూడా పియానో వాయించేవాడు. ఒకప్పుడు సొంతంగా చిన్న వాద్య బృందం నడిపినవాడు. ఆయనకు పాత పాటలు ఎన్నో వచ్చు. కనక మెకార్ట్నీ ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఎన్నెన్నో వరసలు వింటూ పెరిగాడు. వాటిలో ఏదో ఒకటి మనసు మూలలో దాగి ఉండి, కలలో పైకి వచ్చి ఉండవచ్చు గదా!

అప్పుడు అతను ఏం చేశాడో తెలుసా? కనపడిన సంగీతజ్ఞుడికల్లా ఆ వరస వినిపించి, "ఇది మీరెక్కడైనా విన్నారా?" అని అడిగాడు. ఇలా సుమారు నెల రోజులు అడుగుతూనే ఉన్నాడు. దారిలో దొరికిన వస్తువును పోలీసు ఠాణాలో అప్పగించి, ఎవరూ వచ్చి అడగకపోతే అప్పుడు తీసుకున్నట్టు చేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఎవరూ "నాది" అనలేదు. అప్పుడు గాని ఆ వరసను తనదని అనుకోలేదు.

పక్కవాడి పలకలో చూసి లెక్క రాసినవాడికి ఆ లెక్క తనది కాదని తెలుసు. తెలియకుండా తీసుకున్నానేమోనని వెతికి చూసుకునేవాళ్ళు మాత్రం అరుదు. పాట ఎంత గొప్పదైనా, దాని వెనక ఉన్న ఈ నెల రోజులు నాకు అంతకన్న గొప్పవిగా కనిపిస్తాయి.

గుడ్ల పొరటు

వరస దొరికింది, సొంతదని తేలింది. ఇక మాటలు కావాలి. మన సినిమా పాటలు ఎలా తయారవుతాయో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చాలాసార్లు సంగీత దర్శకుడు ముందు వరస కట్టి "తనన తానన" అనో, "లల్లల్లా" అనో పాడి వినిపిస్తాడు. కవి ఆ కొలతకు సరిపోయేట్టు తర్వాత మాటలు కూర్చుతాడు. మెకార్ట్నీ కూడా వరస మరిచిపోకుండా ఉండడానికి తాత్కాలికంగా ఏవో మాటలు పెట్టుకున్నాడు. అవి ఏమిటో వింటే మీరు నవ్వుతారు. "స్క్రాంబుల్డ్ ఎగ్స్"! అంటే మనం గుడ్ల పొరటు అంటాం, అదే.

చాలాకాలం ఆ పాటకు అదే పేరు. 1965లో బీటిల్స్ ఒక సినిమా తీస్తున్న రోజుల్లో మెకార్ట్నీ సందు దొరికినప్పుడల్లా పియానో దగ్గర చేరి ఈ గుడ్ల పాట వాయిస్తుంటే, దర్శకుడికి విసుగెత్తి, పియానో అక్కడి నుంచి తీయించేస్తానని బెదిరించాడట!

చివరికి 1965 మే నెలలో మెకార్ట్నీ సెలవు గడపడానికి పోర్చుగల్ దేశం వెళ్ళాడు. లిస్బన్ నగరం నుంచి దక్షిణాన సముద్రతీరానికి కారులో చాలా దూరం ప్రయాణం. ఆ దారిలో ఒక మాట తట్టింది. "యెస్-టర్-డే". చేత్తో తాళం వేస్తూ పలికి చూడండి, మూడు దెబ్బలు. "స్క్రాం-బుల్డ్-ఎగ్స్". ఇదీ మూడు దెబ్బలే. మన పద్యంలో ఒక మాట తీసి మరొక మాట పెట్టినా గణం చెడకూడదని మీ తెలుగు మాస్టారు చెబుతారు గదా, అదే లెక్క ఇక్కడా పనిచేసింది. మొదటి మాట దొరకగానే మిగిలినవి వాటంతటవే వచ్చి చేరాయి. గుడ్ల పొరటు పోయి, నిన్నటి దుఃఖం వచ్చింది.

ఆ పాటలో ఉన్న కథ చిన్నది. ఒక యువకుడిని అతను ప్రేమించిన అమ్మాయి విడిచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో చెప్పలేదు. తానేదో అనరాని మాట అన్నానని అతను బాధపడతాడు. నిన్నటి దాకా అంతా బాగానే ఉన్నది, ఒక్క రోజులో అంతా మారిపోయింది. అంతే. పోట్లాడి మాట్లాడడం మానేసిన స్నేహితుడి ఇంటి ముందు నుంచి నడిచిపోయేటప్పుడు మీకు ఎలా ఉంటుందో, సరిగ్గా అలాటి బాధ.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. మెకార్ట్నీ తల్లి మేరీ నర్సుగా పనిచేసేది. 1956లో జబ్బుచేసి చనిపోయింది. అప్పటికి అతనికి పద్నాలుగేళ్ళు. మీలో తొమ్మిదో తరగతి చదివేవాళ్ళ వయసు. ఎన్నో ఏళ్ళు గడిచాక ఆయన, తనకు తెలియకుండానే తల్లి పోయిన దుఃఖం ఈ పాటలోకి వచ్చి ఉండవచ్చునని అన్నాడు. రాసేటప్పుడు తాను ఆమెను తలచుకోలేదు. అయినా లోపల ఉన్న దుఃఖం దారి వెతుక్కుంటుంది. బహుశా అందుకేనేమో, ప్రేమ సంగతి తెలియని చిన్నపిల్లలు విన్నా, భార్యను పోగొట్టుకున్న ముసలివాళ్ళు విన్నా, ఈ పాట తమదే అనుకుంటారు.

రెండు నిమిషాల పాట

1965 జూన్ 14న లండన్‌లో ఏబీ రోడ్డులోని స్టూడియోలో ఈ పాటను రికార్డు చేశారు. మెకార్ట్నీకి ఇరవై మూడేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులున్నది. అతను గిటారు పట్టుకుని ఒంటరిగా కూర్చుని పాడాడు. మిగిలిన ముగ్గురికీ ఈ పాటలో పని దొరకలేదు. డప్పులు లేవు, కేకలు లేవు. బీటిల్స్ పేరుతో వచ్చిన పాటలో ఒక్కడే పాడడం, ఒక్కడే వాయించడం అంతకు ముందు జరగలేదు.

వాళ్ళ రికార్డుల పని చూసే జార్జి మార్టిన్ అనే ఆయన ఒక సలహా ఇచ్చాడు. రెండు ఫిడేళ్ళు, ఒక వియోలా, ఒక చెల్లో, ఈ నాలుగు తంత్రీ వాద్యాలను గిటారుకు తోడు చేద్దామన్నాడు. వియోలా అంటే ఫిడేలు కన్న కొంచెం పెద్దది, దాని గొంతు కూడా కొంచెం బొంగురు. చెల్లో ఇంకా పెద్దది, కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తారు. మెకార్ట్నీ మొదట ఒప్పుకోలేదు. పాట మరీ పాకం పట్టినట్టు తియ్యగా తయారవుతుందని అతని భయం. చివరికి ఒప్పుకున్నాడు గాని, వాద్యకారులు స్వరాన్ని మరీ వణికించకుండా సూటిగా వాయించాలని కోరాడు. మూడు రోజుల తర్వాత, జూన్ 17న, ఆ నలుగురు వచ్చి తమ వంతు వాయించి వెళ్ళారు.

పాట మొత్తం రెండు నిమిషాలు దాటి కొద్ది సెకన్లు. మీరు బడిగంట విని వరసలో నిలబడేందుకు పట్టే సమయం కూడా కాదు.

రెండు రకాల రికార్డులు

ఇప్పుడు మన చిక్కుముడి దగ్గరికి వచ్చాం. దాన్ని విప్పాలంటే ఆ రోజుల్లో పాటలు ఎలా అమ్మేవారో తెలియాలి.

అప్పుడు పాటలు నల్లని పళ్ళెం లాంటి రికార్డుల మీద వచ్చేవి. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చిన్న రికార్డు. నిమిషానికి 45 సార్లు తిరుగుతుంది, ఒక్కొక్క వైపు ఒక్కొక్క పాట. దీనిని "సింగిల్" అనేవారు. రెండోది పెద్ద రికార్డు. నిమిషానికి 33 సార్లూ, ఇంకొక మూడోవంతూ తిరుగుతుంది. దీనిలో ఒక్కొక్క వైపు ఆరేడు పాటలు పట్టేవి. దీనిని ఎల్.పి. అనేవారు. చిన్న రికార్డు ధర తక్కువ కనక పిల్లలు కూడా చేతిఖర్చు డబ్బులు దాచుకుని కొనుక్కునేవారు.

ఇంగ్లండులో "యెస్టర్‌డే" 1965 ఆగస్టు 6న "హెల్ప్" అనే పెద్ద రికార్డులో వెలువడింది. ఆ రికార్డులో పద్నాలుగు పాటలు. మన పాట పదమూడోది! తరగతిలో వెనక బెంచీకి ముందు బెంచీ అన్నమాట. దీనిని విడిగా చిన్న రికార్డు చేసి అమ్మలేదు. ఎందుకంటే, బీటిల్స్ అంటే నలుగురు కలిసి గోలగా, హుషారుగా పాడేవాళ్ళని జనం అనుకుంటున్న రోజులవి. ఒక్కడే కూర్చుని పాడిన ఏడుపు పాట జట్టు పేరు మీద వస్తే బాగుండదని వాళ్ళే అనుకున్నారు. పోనీ మెకార్ట్నీ ఒక్కడి పేరు మీద తెద్దామా అంటే, జట్టు వ్యవహారాలు చూసే బ్రయాన్ ఎప్‌స్టీన్ ససేమిరా ఒప్పుకోలేదు. నలుగురిని విడదీయకూడదన్నాడు.

అమెరికాలో రికార్డు కంపెనీ వేరు, దాని ఆలోచన వేరు. అక్కడ 1965 సెప్టెంబరు 13న ఈ పాటను చిన్న రికార్డుగా విడుదల చేశారు. వెనక వైపున రింగో స్టార్ పాడిన పాట ఒకటి వేశారు. ఆ దేశంలో "బిల్‌బోర్డ్" అనే పత్రిక వారం వారం నూరు పాటల పట్టిక ప్రకటిస్తుంది. దాని పేరు "హాట్ హండ్రెడ్". అందులో మన పాట మొదటి వారం 45వ స్థానంలో చేరింది. రెండో వారం 3వ స్థానం. ఒక్క గంతులో నలభై రెండు మెట్లు! మూడో వారం, అక్టోబరు 9వ తేదీ పట్టికలో, మొదటి స్థానం. అక్కడ నాలుగు వారాలు కదలకుండా కూర్చున్నది.

మరి ఇంగ్లండులో? విడి పాటల పట్టికలో చిన్న రికార్డులనే లెక్కపెట్టేవారు. చిన్న రికార్డే లేనప్పుడు పట్టికలో పేరెలా వస్తుంది? పాట చెడ్డదనీ కాదు, జనం వినలేదనీ కాదు. "హెల్ప్" పెద్ద రికార్డు ఇంగ్లండులో పెద్ద రికార్డుల పట్టికలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉన్నది. అంటే ఆ పాట లక్షల ఇళ్ళలో మోగుతూనే ఉన్నది. 1966 మార్చిలో ఇంకొక మూడు పాటలతో కలిపి ఇ.పి. అనే నడిమి రకం రికార్డులో వేస్తే, ఆ రకం రికార్డుల పట్టికలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. విడి పాటల పట్టికలో మాత్రం సున్న.

తమాషా చూడండి. అదే 1965లో మాట్ మన్రో అనే మరొక గాయకుడు ఇదే పాటను తన గొంతుతో పాడి ఇంగ్లండులో చిన్న రికార్డుగా తెచ్చాడు. అది 8వ స్థానం దాకా వెళ్ళింది. చివరికి 1976 మార్చిలో, అంటే దాదాపు పదకొండేళ్ళ తర్వాత, బీటిల్స్ పాడిన అసలు పాటను కూడా ఇంగ్లండులో చిన్న రికార్డుగా అమ్మారు. అప్పటికి బీటిల్స్ జట్టు విడిపోయి ఎన్నో సంవత్సరాలయింది. పాట పాతబడింది. చాలామంది ఇళ్ళలో పెద్ద రికార్డు ఉండనే ఉన్నది. అయినా అది కూడా సరిగ్గా 8వ స్థానం దాకా వెళ్ళింది!

పట్టిక ఎలా తయారవుతుంది?

ఇప్పుడు మీరు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. "అసలు ఈ నంబర్లు ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు?"

ఇంగ్లండులో మొట్టమొదటి రికార్డుల పట్టిక 1952 నవంబరు 14న ఒక సంగీత వారపత్రికలో వచ్చింది. ఆ పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ అనే ఆయన సుమారు ఇరవై దుకాణాలకు టెలిఫోను చేసి, "ఈ వారం మీ దగ్గర ఏ రికార్డులు బాగా అమ్ముడయ్యాయి?" అని అడిగి, వాళ్ళు చెప్పినవన్నీ కలిపి లెక్క కట్టాడు. దేశమంతటికీ ఇరవై దుకాణాలు! మిగిలిన దుకాణాలలో ఏం జరిగిందో ఆ పట్టికకు తెలియదు.

తర్వాత మరికొన్ని పత్రికలు తమ తమ పట్టికలు మొదలుపెట్టాయి. ఒక్కొక్కరు ఒక్కొక్క దుకాణాలను అడిగేవారు. అంచేత జవాబులు కూడా వేరువేరుగా వచ్చేవి. 1963లో బీటిల్స్ పాట "ప్లీజ్ ప్లీజ్ మి" రెండు పత్రికలలో మొదటి స్థానానికి చేరింది, ఇంకొక పత్రికలో రెండో స్థానం దాటలేదు. పాట ఒకటే, దేశం ఒకటే, అడిగిన దుకాణాలు వేరు. ఈ గందరగోళం పడలేక 1969లో అందరికీ ఒకే పట్టిక తయారుచేసే ఏర్పాటు చేశారు.

అమెరికాలో "హాట్ హండ్రెడ్" 1958 ఆగస్టులో మొదలయింది. అక్కడ దుకాణాల అమ్మకాలతో పాటు రేడియోలో పాట ఎన్నిసార్లు వేశారన్నది కూడా లెక్కలోకి తీసుకున్నారు. దుకాణంవాళ్ళు, రేడియోవాళ్ళు చెప్పిన మాటే ఆధారం. ఎవరైనా పొరపాటుగా చెప్పినా, తమకు ఇష్టమైన పాటను కొంచెం పైకి జరిపి చెప్పినా పట్టుకోవడం కష్టం. 1991లో పద్ధతి మారింది. సరుకు మీద నల్లగీతలు అచ్చువేసి ఉంటాయి చూడండి, అంగట్లో యంత్రం "కీచు"మని చదివే గీతలు, వాటి సాయంతో నిజంగా అమ్ముడయిన సంఖ్యనే లెక్కించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పాటలు ఇంటర్నెట్ మీదికి వచ్చాయి. ఈనాడు ఎవరైనా సెల్‌ఫోన్లో పాట పెట్టుకుని వింటే అది కూడా లెక్కలోకి వస్తుంది. వెనకటి పట్టిక కొన్నవాళ్ళను లెక్కపెట్టింది. ఇప్పటి పట్టిక విన్నవాళ్ళను కూడా లెక్కపెడుతుంది. ఒకే అమ్మాయి ఒకే పాటను వెయ్యిసార్లు వింటే, వెనకటి పట్టికలో ఆమెది ఒక్క రికార్డే. ఇప్పుడు అలా కాదు.

మన ఇళ్ళలోనూ ఇలాటి పట్టిక ఒకటి మోగింది. 1952లో సిలోను రేడియోలో "బినాకా గీత్‌మాలా" అనే కార్యక్రమం మొదలయింది. అమీన్ సయానీ గారు తమ తియ్యని గొంతుతో హిందీ సినిమా పాటలకు మెట్లు కట్టి, "ఈ వారం ఈ పాట ఇన్నో మెట్టు మీద ఉన్నది" అని చెప్పేవారు. దుకాణాల అమ్మకాలు, శ్రోతల సంఘాలు రాసే ఉత్తరాలు చూసి ఆ మెట్లు నిర్ణయించేవారు. నా చిన్నతనంలో బుధవారం రాత్రి మా వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద పదిమందిమి చేరి వినేవాళ్ళం. మాకు హిందీ అంతంతమాత్రం. అయినా మాకు నచ్చిన పాట ఒక మెట్టు దిగిందంటే ఆ రాత్రి అన్నం సయించేది కాదు!

నేను అంటించిన పట్టిక

ఇక నా పొరపాటు ఒకటి చెబుతాను.

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో అర్ధ సంవత్సర పరీక్షలు కాగానే తరగతుల వారీగా ర్యాంకుల పట్టిక నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళం. ఆరు పరీక్షలూ రాసినవాళ్ళ పేర్లే అందులో వెయ్యాలని నియమం. ఆ నియమం పెట్టింది నేనే. ఒక ఏడు తొమ్మిదో తరగతి పట్టికలో ఒక అమ్మాయి పేరు లేదు. లెక్కల పరీక్ష నాడు ఆమెకు జ్వరం. అయిదే రాసింది. పట్టిక అంటించాం, మా పని మేం చూసుకున్నాం.

నాలుగో రోజున ఆమె తండ్రి బడికి వచ్చాడు. చేతిలో అర్జీ ఉన్నది. అమ్మాయిని బడి మాన్పిస్తున్నానని అందులో రాయించుకొచ్చాడు. "మేష్టారూ, మా పిల్ల పేరు ఎక్కడా లేదండి. నలుగురూ చూసి చెప్పారు. చదువు అబ్బనప్పుడు ఇంటి దగ్గరుండి పని నేర్చుకుంటుంది" అన్నాడు. అమ్మాయి తలుపు పక్కన నిలబడి ఉన్నది, తల ఎత్తలేదు.

నేను మార్కుల రిజిష్టరు తీయించి అతని ముందు పెట్టాను. రాసిన అయిదింటిలో మూడింట తరగతి మొత్తానికి ఆ అమ్మాయిదే పైచెయ్యి. తండ్రి చాలాసేపు ఆ అంకెల వంక చూశాడు. తర్వాత అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, కూతురిని తరగతికి వెళ్ళమన్నాడు.

ఆ సాయంత్రం నేనే స్వయంగా వెళ్ళి పట్టిక కింద ఒక వాక్యం రాశాను. "ఇందులో ఆరు పరీక్షలూ రాసినవారి పేర్లు మాత్రమే ఉన్నవి." ముందే రాసి ఉంటే, ఆ పిల్ల నాలుగు రోజులు ఏడ్చి ఉండేది కాదు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అలాటి వాక్యం లేకుండా ఏ పట్టికా బోర్డు ఎక్కలేదు.

మీరూ చేసి చూడండి

నా మాట నమ్మడమెందుకు? మీ తరగతిలో మీరే ఒక పట్టిక తయారు చెయ్యండి. మూడు పాటలు ఎంచుకోండి. వాటిని క, చ, ట అందాం. తరగతిలో ముప్ఫై మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరూ తమకు అన్నిటికన్న నచ్చిన పాటను ఒకటిగా, తర్వాతి పాటను రెండుగా కాగితం మీద రాయాలి.

ఇలా వచ్చిందనుకుందాం. పన్నెండుమంది "క" ఒకటి, "ట" రెండు అన్నారు. పదిమంది "చ" ఒకటి, "ట" రెండు అన్నారు. మిగిలిన ఎనిమిదిమంది "ట" ఒకటి అన్నారు. వారిలో నలుగురు "క" రెండు అనీ, నలుగురు "చ" రెండు అనీ రాశారు.

మొదటి పద్ధతి: ఒకటో ఇష్టాన్నే లెక్కపెట్టండి. "క"కు 12, "చ"కు 10, "ట"కు 8. కాబట్టి "క" మొదటిది, "ట" ఆఖరుది.

రెండో పద్ధతి: ఒకటో ఇష్టానికి రెండు మార్కులు, రెండో ఇష్టానికి ఒక మార్కు వెయ్యండి. "క"కు 24, దానికి 4 కలిపితే 28. "చ"కు 20, దానికి 4 కలిపితే 24. "ట"కు 16, దానికి 22 కలిపితే 38. ఆఖరున ఉన్న "ట" అందరి నెత్తి మీదికి ఎక్కి కూర్చున్నది!

పిల్లలు మారలేదు, పాటలు మారలేదు, కాగితాలు కూడా అవే. లెక్కపెట్టే తీరు మారింది, అంతే. రెండు పట్టికలూ అబద్ధం కావు. రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

పట్టికలు వద్దని నేను చెప్పడం లేదు. వాటివల్ల మనకు చాలా సంగతులు తెలుస్తాయి. అయితే ఏ పట్టిక మీ ముందుకు వచ్చినా, అది పాటలదైనా, బడులదైనా, మీ తరగతిదైనా, ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఇది దేన్ని లెక్కపెట్టింది? దేన్ని లెక్కపెట్టలేదు? పెద్దలు కూడా బిడ్డ చేతిలోని కార్డు చూసి కేకలు వేసేముందు ఈ రెండు ప్రశ్నలూ అడిగితే మంచిది.

ఇంతకూ మన పాట ఏమయింది? 1965లో దాని కన్న పైమెట్టు మీద కూర్చున్న పాటలు ఇంగ్లండులో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటిని ఈనాడు ఎవరూ పాడుకోవడం లేదు. "యెస్టర్‌డే"ను మాత్రం రెండువేలకు పైగా గాయకులు, వాద్యకారులు తమ తమ తీరులో పాడి, వాయించి రికార్డు చేశారు. ప్రపంచంలో ఇంతమంది చేపట్టిన పాటలు చాలా తక్కువ. నెల రోజులు "ఇది మీదా?" అని అందరినీ అడిగిన ఆ వరసను, ఇప్పుడు అందరూ తమదే అనుకుంటున్నారు.